ఆరోగ్య విధానాలను నడిపించేది పత్రికలేనా?

పాతకాపు: ముమ్మాటికీ. 1962లో అమెరికాలో మందుల నియంత్రణ బిల్లు నీరుగారిపోతోంది. గర్భిణులు వాడితే పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన థాలిడోమైడ్ అనే మందుకు అనుమతి ఇవ్వకుండా పట్టుబట్టిన అధికారి ఫ్రాన్సిస్ కెల్సీ గురించి జులైలో వాషింగ్టన్ పోస్ట్ మొదటి పేజీలో రాసింది. అక్టోబరులో చట్టం వచ్చింది. ఆ వార్త లేకపోతే బిల్లు అటకెక్కేది.

సందేహి: 1998 సంగతి? టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందేమోనంటూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 12 మంది పిల్లల మీద రాసిన పరిశోధన పత్రాన్ని పట్టుకుని బ్రిటన్ పత్రికలు ఎమ్మెమ్మార్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా మీద ఏళ్ల తరబడి భయం నూరిపోశాయి. వేయించుకునేవారు 80 శాతం దరిదాపులకు పడిపోయారు. తట్టు తిరిగొచ్చింది.

పాతకాపు: ఆ పత్రాన్ని అచ్చువేసింది లాన్సెట్ అనే వైద్య పరిశోధన పత్రిక అండీ, దినపత్రికలు కావు.

సందేహి: పత్రంలో సంబంధం రుజువు చేయలేదనే రాసుకున్నారు. మూడు టీకాలూ విడివిడిగా వేయించమని వేక్‌ఫీల్డ్ అన్నది విలేకరుల సమావేశంలో!

పాతకాపు: ఆ సమావేశం పెట్టింది వైద్య కళాశాల. పైగా 2004లో వేక్‌ఫీల్డ్ గుట్టు రట్టు చేసిందీ విలేకరే, బ్రయాన్ డీర్.

వానకోయిల: ఇద్దరూ గెలిచారు. ఇక పడుకోండి.

సందేహి: ఎలా పడుకోమంటారు? టీవీలో ఎవరో చెప్పింది విని మా అక్క కొడుక్కి టీకా వేయించలేదు. తట్టు వచ్చి న్యుమోనియాకు తిరిగింది. ఆ ఛానెల్ సవరణ వేసిందా?

నీలిసిరా: మీ ఇద్దరి గొడవా వేసిన వార్త గురించే. నేను క్షయ రోగుల కోసం పనిచేస్తాను. 2014లో అమెరికాలో నాలుగు ఎబోలా కేసులు బయటపడగానే కొన్ని రాష్ట్రాలు నిర్బంధ క్వారంటైన్ పెట్టాయి. అదే ఏడాది ప్రపంచంలో క్షయ సుమారు 15 లక్షల మందిని చంపింది. దాని మీద వ్యాసం పంపితే ఒక సంపాదకుడు అడిగాడు: "ఇందులో కొత్తేముంది?"

పాతకాపు: అంకెలు పంపితే అంతే. మనిషి కథ పంపాలి. థాలిడోమైడ్ విషయంలోనూ జనాన్ని కదిలించింది ఆ పిల్లల ఫొటోలే.

నీలిసిరా: పంపాను. ఒకామె ఒప్పుకుంది, ఫొటోతో సహా వచ్చింది. వారంలోపే ఇంటి యజమాని ఖాళీ చేయించాడు. సలహా చెప్పడం ఎంత తేలికండీ మీకు!

పాతకాపు: బాధాకరమే. కానీ ముఖం లేని రోగానికి ప్రభుత్వాలు డబ్బు విదల్చవు. మీరు మానేస్తే అది ఇంకో రోగానికి పోతుంది.

నీలిసిరా: అంటే ఎవరో ఒకరు వీధిన పడాలి, అంతేనా? మీ ఇంట్లోవాళ్ల ఫొటో ఇస్తారా?

పాతకాపు: అది వ్యక్తిగతం.

నీలిసిరా: ఆమెదీ వ్యక్తిగతమే.

సందేహి: విలేకరుల సమావేశం గురించి నేనడిగిన దానికి ఇంకా జవాబు రాలేదు.