పక్షి పాటకి ‘మెలోడియస్’ కాకుండా ఇంకో మాట చెప్పండి

పిట్టల్ని చూడ్డానికి తిరిగే గ్రూపు ఒకటుంది మాకు, చూసినదాని గురించి నాలుగు ముక్కలు ఇంగ్లిష్‌లో రాసి పెట్టాలి. పిగిలిపిట్టకీ మెలోడియసే, కోయిలకీ మెలోడియసే, రాసి రాసి నాకే విసుగొచ్చేసింది. వేసవిలో తెల్లవారకముందే చిటారు కొమ్మనెక్కి మాగ్‌పై రాబిన్ ఎత్తుకుంటుంది చూడండి, ఆ పాటకి సరిపోయే మాట, అరుదైనదైనా పర్లేదు, ఎవరికైనా తెలుసా?

జవాబు 1:
మెల్లిఫ్లువస్. జీఆర్‌ఈ చదివినవాళ్లందరికీ తెలిసిందే కదా.

జవాబు 2:
ఇక్కడ అది నప్పదండీ. లాటిన్‌లో మెల్ అంటే తేనె, ఫ్లుయెరె అంటే పారడం, కాబట్టి ఎక్కడా తగలకుండా సాగిపోయే గొంతుకి బావుంటుంది. మాగ్‌పై రాబిన్ ఒక ఈల వేసి, ఆగి, దాన్నే కాస్త మార్చి మళ్లీ అందుకుంటుంది. మీకు కావాల్సింది కెనోరస్. కానెరె అంటే లాటిన్‌లో పాడటం, చాంట్, యాక్సెంట్ లాంటివీ ఆ మూలం నుంచి వచ్చినవే. 17వ శతాబ్దం నుంచీ ఇంగ్లిష్‌లో ఉంది, వాడేవాళ్లే తక్కువ. యూఫోనియస్ అని ఎవరైనా చెప్తారేమో, దాన్ని ఎక్కువగా పేర్లూ వాక్యాలూ పలకడానికి ఇంపుగా ఉన్నప్పుడు వాడతారు. డల్సెట్ (తియ్యనిది అని అర్థం) జోలికి మాత్రం వెళ్లకండి, డల్సెట్ టోన్స్ అంటే ఇప్పుడు చాలామందికి వెటకారంగానే వినిపిస్తుంది (పక్కింటాయన గురకకి సరిగ్గా సరిపోతుంది).

జవాబు 3:
కెనోరస్ అంటే ఎవరికి అర్థమవుతుంది సార్, పిట్టని చూడాలా డిక్షనరీని చూడాలా?

జవాబు 2 రాసినవారు:
పక్కనే ఈల ఎలా ఉందో ఒక వాక్యం రాస్తే డిక్షనరీతో పనిలేదు. కాకపోతే ప్రతి పిట్టకీ తగిలించకూడదు, అప్పుడు మెలోడియస్ పోయి ఇదొచ్చినట్టవుతుంది, అంతే. కోయిలకైతే నేను వాడను. మే నెలలో మగకోయిల కూత కూతకీ స్థాయి పెంచుకుంటూ పోతుంది, అది పాటో గోలో మీ నిద్రని బట్టి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
కోయిల గురించి ఒప్పుకోను గానీ మాట బావుంది, మాగ్‌పై రాబిన్‌కి వాడేస్తా. పలకడం ఎలా?

జవాబు 2 రాసినవారు:
కెనోరస్ అని ‘నో’ మీద ఒత్తి పలకండి. క్యానరస్ అని మొదటి అక్షరం మీద ఒత్తే పద్ధతి కూడా డిక్షనరీల్లో ఉంది, ఎలా పలికినా తప్పు పట్టేవాళ్లు దొరకరు లెండి.