పాత వస్తువులతో స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల చిత్రం): ఫోటో క్యాటలాగ్‌లా వస్తోంది, ఏం మార్చాలి?

నల్లఅట్ట:
టేబుల్ మీద కళ్ళజోడు, ఇంకు పెన్ను, చేతి గడియారం, మడత పెట్టిన ఉత్తరం, చిన్న గాజు సీసా. ఐదూ ఒకే మనిషివి. ఏపీఎస్-సీ (35 ఎం.ఎం. ఫిల్ము కన్నా చిన్న సెన్సరున్న) కెమెరా, 50 ఎం.ఎం. లెన్సు, ఎఫ్/2.8 (లెన్సు రంధ్రం బాగా తెరిచి), ఎడమ పక్క కిటికీ, పైన ట్యూబ్‌లైటు. ఫోటోలో చూస్తే అమ్మకానికి పరిచిన సామాన్లలా ఉన్నాయి. రూల్ ఆఫ్ థర్డ్స్ (ఫ్రేముని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి ముఖ్యమైనవి ఆ గీతల మీద పెట్టడం) ప్రకారం సర్దినా తేడా లేదు. లోపం ఎక్కడ?

ట్రైపాడ్‌రావు:
ముందు ట్యూబ్‌లైటు ఆర్పేయండి. రెండు రంగుల వెలుగు కలిస్తే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనబడేలా చేసే సెట్టింగు) ఎటు సరిచేసినా ఏదో ఒక పక్క నీడల్లో రంగు మిగిలిపోతుంది. పైగా పైనుంచి పడే వెలుగు కిటికీ ఇచ్చే నీడల్ని పలచన చేసేస్తుంది.

60 సెం.మీ. దూరంలో మీ లెన్సుకి ఎఫ్/2.8 దగ్గర షార్ప్‌గా వచ్చేది సుమారు ఒకటిన్నర సెం.మీ. మాత్రమే. అద్దాలు బాగుంటే కాడలు మసకే. రంధ్రం చిన్నది చేసి ఎఫ్/8 పెడితే నాలుగున్నర సెం.మీ. దాకా దొరుకుతుంది. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 100, ట్రైపాడ్, 2 సెకన్ల టైమర్. ఎఫ్/16 దాటకండి, డిఫ్రాక్షన్‌తో (సన్నటి రంధ్రం దగ్గర వెలుగు వంగి చెదరడంతో) బొమ్మంతా మెత్తబడుతుంది.

థర్డ్స్ గొడవ తర్వాత. ముందు అంచులు చూడండి. పెన్ను కొన సరిగ్గా గడియారం పట్టీని తాకీ తాకనట్టుంటే కన్ను అక్కడే ఇరుక్కుంటుంది. ఒకదాని మీదికి ఒకటి స్పష్టంగా రావాలి, లేదా మధ్యలో ఖాళీ కనబడాలి. టేబుల్ వెనక అంచు సీసా మెడని కోస్తూ పోకూడదు. కెమెరాని నాలుగైదు సెం.మీ. ఎత్తితేనో దించితేనో సరిపోతుంది, వస్తువుల్ని కదపక్కర్లేదు.

వెండినీడ:
పైన చెప్పినవన్నీ చేశాక కూడా అది శుభ్రమైన క్యాటలాగే అవుతుంది, ఏమనుకోకండి. ఐదు వస్తువులూ కలిసి "మేం పాతవాళ్ళం" అని తప్ప ఇంకేం చెప్పడం లేదు.

ఒక్క వాక్యం అనుకోండి: "చదువుతూ మధ్యలో లేచారు." ఇక గడియారం, సీసా తీసేయండి. ఉత్తరం సగం విప్పి, దాని మీద కళ్ళజోడు, కాడలు తెరిచే ఉంచి, కూర్చునే మనిషి వైపుకి తిప్పి పెట్టండి. పెన్నుకి మూత తీసి ఉంటే ఇంకా రాయాల్సింది ఉన్నట్టు, పెట్టి ఉంటే పని ముగిసినట్టు. కెమెరా ఆ మనిషి కూర్చునే చోట ఉంటే చూసేవాళ్ళు ఆయనవుతారు, ఎదురుగా ఉంటే ఆయన కోసం ఎదురుచూసేవాళ్ళవుతారు. నా మటుకు థర్డ్స్ కన్నా ఇదే పెద్ద నిర్ణయం.

1926లో ఫోటోగ్రాఫర్ కెర్టేజ్ పారిస్‌లో చిత్రకారుడు మోండ్రియాన్ కళ్ళజోళ్ళూ పైపూ తీసిన ఫోటో వెతికి చూడండి. మనిషి లేడు, అయినా అది పోర్ట్రెయిటే.

దయచేసి వస్తువుల్ని మెరిసేలా తుడవకండి. దుమ్ము మాత్రం బ్రష్‌తో తీయండి. కాడ మీద అరుగుదల కనబడాలంటే వెలుగు దాదాపు టేబుల్‌ని రాసుకుంటూ రావాలి. కిటికీ కింది భాగం వదిలి పైభాగం మూస్తే అలా వస్తుంది.

నల్లఅట్ట:
మూడుకి తగ్గించాను, చాలా నయం. కానీ అద్దాల్లో కిటికీ తెల్లగా మెరుస్తోంది. ఉత్తరంలో అక్షరాలు కూడా చదివేలా ఉన్నాయి, అవి బయటపడకూడదు.

ట్రైపాడ్‌రావు:
కాడల కొనల కింద మడిచిన కాగితం పెట్టి అద్దాల వాలు కొద్దిగా మార్చండి, మెరుపు పక్కకి జారిపోతుంది. పూర్తిగా పోగొట్టకండి, సన్నటి చార ఉంటేనే అక్కడ గాజు ఉన్నట్టు తెలుస్తుంది. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) గాజు మీద పనిచేస్తుంది గానీ లోహపు ఫ్రేము మెరుపుని తగ్గించదు, పైగా ఒకటిన్నర స్టాప్ దాకా (ఒక స్టాప్ అంటే వెలుగు సగమవడం) వెలుగు తినేస్తుంది.

వెండినీడ:
ఉత్తరాన్ని చదవగలిగితే చూసేవాళ్ళు ఫోటో వదిలేసి దాన్నే చదువుతారు. రాత ఉన్న మడత కెమెరాకి ఏటవాలుగా, ఫోకస్ వెనక్కి పడేలా తిప్పండి. చేతిరాత ఒరవడి తెలుస్తుంది, మాటలు తెలియవు. కాగితం తెలుపు కాలిపోతుంటే ఎక్స్‌పోజర్ 2/3 స్టాప్ తగ్గించి, కుడి పక్క నీడకి తెల్ల అట్ట ఒకటి నిలబెట్టండి. అట్ట మరీ దగ్గరికొస్తే నీడంతా పోయి మళ్ళీ చప్పగా అవుతుంది, 30 సెం.మీ. దూరంతో మొదలుపెట్టండి.