డెమో పావుగంట ఆడి గేమ్ మీద తీర్పు చెప్పేయొచ్చా?

చివరిబాస్:
పీసీ గేమ్స్ అమ్మే స్టీమ్‌లో ఏడాదికి మూడుసార్లు నెక్స్ట్ ఫెస్ట్ అని డెమోల వారం పెడతారు కదా, రాబోయే గేమ్స్‌ని కాస్త ఉచితంగా ఆడి చూడటానికి. ఈసారి ఏడు దించాను. ఒకటి అసలు తెరుచుకోలేదు. మిగిలిన ఆరింట్లో నాలుగింటిని పావుగంట లోపే తీసిపారేశాను, రెండు విష్‌లిస్ట్‌లోకి వెళ్లాయి. అలా తీసెయ్యడం అన్యాయమని నా ఫ్రెండ్ ఒకటే పోరు. అందులో అన్యాయం ఏముందని నా వాదన. అవన్నీ ఇంకా తయారీలో ఉన్నవి కాబట్టి పేర్లు చెప్పను, ఏం జరిగిందో చెబుతాను.

మొదటిది ప్లాట్‌ఫార్మర్, అంటే గట్ల మీద ఎగురుతూ దూకుతూ పోయే ఆట. బొమ్మలైతే కళ్లు తిప్పుకోలేం. కానీ బటన్ నొక్కాక పాత్ర ఎగరడానికి లిప్తపాటు ఆలస్యం. అంచు దాకా పరుగెత్తి నొక్కితే అప్పటికే గోతిలో ఉంటున్నాను. మంచి ప్లాట్‌ఫార్మర్లలో కాలు అంచు దాటాక కూడా కొన్ని ఫ్రేముల పాటు ఎగరనిస్తారు, దాన్నే కొయోటీ టైమ్ అంటారు. ఆటగాడికి తెలియకుండా చేసే సాయం అది. ఇందులో ఆ దయ లేదు. చేతికి ఒంటని ఆట పదో గంటలో ఒంటుతుందా?

రెండోది హారర్. కొత్త గదిలోకి అడుగు పెట్టిన ప్రతిసారీ అర సెకను బిగుసుకుపోతోంది. షేడర్లను, అంటే తెర మీద బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములను, ముందే కంపైల్ చేసి పెట్టకపోతే వచ్చే కుదుపు అది. దయ్యం వస్తోందని ఆ కుదుపే ముందుగా చెప్పేస్తుంటే ఇంకేం భయం!

మూడోది వ్యూహాల ఆట. అడుగుకో పాప్-అప్, మూసేలోపు ఇంకోటి. నాలుగోదాంట్లో అక్షరాలు చీమల బారులా ఉన్నాయి, సోఫాలో కూర్చుంటే ఒక్క ముక్క చదవలేం.

నచ్చిన రెంటిలో ఒకటి పేకముక్కల రోగ్‌లైక్, అంటే ఓడిన ప్రతిసారీ మొదటినుంచి కొత్తగా మొదలయ్యే రకం. ఒక్క ఆటే అనుకుని కూర్చుంటే తలెత్తేసరికి రెండు గంటలు. ఇంకోటి రైళ్లు నడిపేది. హాయిగా ఉంది, అంతే.

నిదానం:
ప్లాట్‌ఫార్మర్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. మిగతావాటిలో తొందరపడ్డారు. కొన్ని గేమ్స్ పావుగంటలో మొహం కూడా చూపించవు. డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్‌కి 2020లో ఇచ్చిన డెమో దాదాపు పది గంటలుంది. ఆక్టోపాత్ ట్రావెలర్‌కి 2018లో మూడు గంటల డెమో ఇచ్చారు, అందులో ఆడినదంతా అసలు గేమ్‌లోకి వచ్చేస్తుంది. నెమ్మదిగా అలవాటయ్యే ఆట అని తయారుచేసినవాళ్లే ఒప్పుకుని అంత సమయం ఇచ్చారన్నమాట. మీ వ్యూహాల ఆట కూడా ఆ బాపతే అయి ఉండొచ్చు.

ఇంకో సంగతి. డెమోలో ఉన్నది అసలు గేమ్‌లో ఉంటుందని ఎవరు చెప్పారు? 1999లో వచ్చిన హాఫ్-లైఫ్ అప్‌లింక్ డెమో కోసమే చేసిన భాగం, అసలు గేమ్‌లో లేదు. రెసిడెంట్ ఈవిల్ 7 డెమో కూడా వేరే ముక్కే. స్టాన్లీ పారబుల్ డెమో అయితే మరీనూ, గేమ్ ఒక్క ముక్క కూడా చూపించకుండా డెమోల మీదే జోకులు వేసింది. ఇక 2014లో వచ్చిన పీ.టీ. అనే హారర్ డెమో ఉంది, ఒకే నడవాలో మళ్లీ మళ్లీ తిరగడమే ఆట. అది చూసి భయపడని వాడు లేడు, కానీ అది ఏ గేమ్ కోసం చేశారో ఆ సైలెంట్ హిల్సే రద్దయిపోయింది. ఇప్పుడు దేని మీద తీర్పు చెబుతారు?

కోడ్‌కూలీ:
నేను చిన్న టీమ్‌లో పనిచేస్తాను, అటువైపు కథ కూడా వినండి. డెమో అంటే గేమ్‌లో కాస్త కోసి ఇవ్వడం అనుకుంటారు. కాదు. అసలు గేమ్‌లో మొదటి గంటకి పట్టినంత పని దానికీ పడుతుంది. ఎక్కడ ఆపాలి, ఏది దాచాలి, సేవ్ ఫైల్ ముందుకు తీసుకెళ్లాలా వద్దా అని నెలలు కొట్టుకుంటాం. తీరా ఫెస్ట్ నాటికి డెమో బిల్డ్, అంటే అప్పటికి తయారైన రూపం, పాతబడిపోతుంది. మీరు తిట్టిన ఫాంట్‌ని మేం ఈపాటికే పెద్దది చేసి ఉంటాం, డెమోలో మాత్రం పాతదే ఉంటుంది.

పైగా లాభమా అంటే అదీ అనుమానమే. 2013లో డైస్ అనే గేమ్ తయారీదారుల సదస్సులో జెస్సీ షెల్ అనే డిజైనర్ ఎక్స్‌బాక్స్ 360 అమ్మకాల లెక్కలు చూపించాడు. ట్రైలర్ ఉండి డెమో లేని గేమ్సే ఎక్కువ అమ్ముడయ్యాయట. దూరపు కొండలు నునుపు కదా, దగ్గరికి రానివ్వకపోతేనే కొంటారన్నమాట.

పాతకంట్రోలర్:
ఆ లెక్క నేనూ చదివాను. ప్రచారానికి దండిగా ఖర్చుపెట్టే పెద్ద గేమ్స్‌కి డెమో అవసరమే ఉండదు. అవి ఎలాగూ ఎక్కువ అమ్ముడవుతాయి. అందులో డెమో తప్పేముంది? పేరూ ఊరూ లేని గేమ్‌ని ఎవరైనా పట్టించుకోవాలంటే ఆడి చూడటం తప్ప దారేది? బలాట్రో అనే చిన్న గేమ్ 2024లో వచ్చేలోపే జనం దాని డెమోకి అతుక్కుపోయారు. అంతెందుకు, 1993లో డూమ్ మొదటి ఎపిసోడ్ తొమ్మిది లెవెళ్లూ ఉచితంగా పంచారు. నచ్చితే మిగతావి కొనుక్కోమన్నారు. ధైర్యమంటే అదీ.

చివరిబాస్:
కోడ్‌కూలీ గారూ, మీ కష్టం అర్థమైంది. కానీ పాత బిల్డ్ అని నాకెలా తెలుస్తుంది? మొదటి తెర మీద ఒక్క మాట రాయొచ్చుగా, "ఇది ఫలానా నెలది, ఇవి సరిచేశాం" అని. నా ముందు ఉన్నది ఏదో దాన్నే నేను ఆడతాను.

నిదానం గారూ, పీ.టీ. ఉదాహరణ బాగుంది, కానీ అది నా వైపు సాక్ష్యమే! గేమ్ రాకపోయినా ఆ నడవా గొప్పగా ఉందని ఆడిన ప్రతివాడికీ నిమిషాల్లోనే తెలిసిపోయింది. నేను చెప్పేదీ అదే. చేతికి ఎలా ఉంది, మెషీన్ మీద ఎలా నడుస్తోంది, కంటికి ఆనుతోందా, ఇవి పావుగంటలో తెలుస్తాయి. కథ ఎటు పోతుందో తెలియదు, ఒప్పుకుంటాను.

నిద్రలేనిరాత్రి:
డెమోలెందుకు, రీఫండ్ ఉందిగా? కొన్న రెండు వారాల్లో, రెండు గంటల లోపు ఆడితే స్టీమ్ వెనక్కిచ్చేస్తుంది. నాకదే డెమో.

పాతకంట్రోలర్:
రెండు గంటల్లో గంటసేపు పాత్రకి ముక్కు, గడ్డం, కనుబొమ్మలు దిద్దుకుంటూ కూర్చునేవాళ్ల సంగతేంటి బ్రదర్? అనుభవంతో చెబుతున్నాను.

నిదానం:
చివరిబాస్ గారూ, "చేతికి ఎలా ఉంది" అన్నది సరే. కానీ మీకు నచ్చిన పేకముక్కల ఆటని అదే కొలతతో చూడండి. డెమోలో ఉన్న ముక్కలు తక్కువ, కాబట్టి ప్రతి కలయికా కొత్తగానే కనిపిస్తుంది. ముప్పయ్యో ఆటకి అవే కలయికలు మళ్లీ మళ్లీ వస్తే? తీసేసిన నాలుగింటి కన్నా నచ్చిన రెంటి విషయంలోనే మీరు మోసపోయే అవకాశం ఎక్కువ. ఆ రెండు గంటలు మిమ్మల్ని పట్టి ఉంచడానికి పైనుంచి కింది దాకా నునుపు చేసినవి.

కోడ్‌కూలీ:
ఇది నిజం. మా డెమోలో మొదటి గదిని ఎన్నిసార్లు దిద్దామో లెక్కే లేదు. ఏడో గదిని రెండుసార్లు. నేనన్నానని మా టీమ్‌లో చెప్పకండి.

చివరిబాస్:
నిన్న రాత్రి ఆ వ్యూహాల ఆటని మళ్లీ ఎక్కించి నలభై నిమిషాలు ఓర్చుకున్నాను. పాప్-అప్‌లు ఆగిపోయాక అదిరిపోయింది. శత్రువు ఏ గడిలోకి వస్తాడో ముందే చూపిస్తుంది, వాడి దారిలో వాడి మనిషినే నిలబెట్టి పొడిపించొచ్చు. కాబట్టి ఒకటి ఓడిపోయాను. విష్‌లిస్ట్‌లో మూడయ్యాయి.

ప్లాట్‌ఫార్మర్‌ని కూడా ఇంకో పావుగంట ఆడాను. మళ్లీ గోతిలోనే.

నిదానం:
అసలు తెరుచుకోలేదన్న ఏడోదాని సంగతేంటి?

చివరిబాస్:
మూడుసార్లు దించాను, డ్రైవర్లు మార్చాను, నల్ల తెర తప్ప ఇంకేం రాలేదు. దాని మీద తీర్పుకి పావుగంట కూడా అక్కర్లేదు, ఒప్పుకుంటారా?

కోడ్‌కూలీ:
ఏ గేమో నాకు మెసేజ్ పెట్టండి. మాది కాకూడదని మొక్కుకుంటున్నాను.