సైగల భాష డేటాసెట్‌కి వీడియోలు ఎవరితో తీయాలి?

ప్రశ్న (ఎంటెక్ విద్యార్థి, వరంగల్):
అందరికీ నమస్కారం. ఇండియన్ సైన్ లాంగ్వేజ్‌ని గుర్తించే మోడల్ నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. ఆసుపత్రి ఓపీలో పనికొచ్చే మాటలు తీసుకున్నా: జ్వరం, నొప్పి, మాత్ర, ఎప్పటి నుంచి... ఇలా ఓ వంద. ఐఎస్ఎల్ఆర్‌టీసీ (భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం) నిఘంటువు వీడియోలు చూసి నేర్చుకుని, హాస్టల్లో నలుగురు ఫ్రెండ్స్‌తో ఒక్కో సైగ 50 సార్లు చేయించి, తెల్లగోడ ముందు ఫోన్లో తీద్దామనుకుంటున్నా. మీడియాపైప్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేతుల కీపాయింట్లు (వేళ్ల కీళ్లు వగైరా ఎక్కడున్నాయో చెప్పే బిందువులు) తీసి, కదలికల వరుసని నేర్చుకునే ఎల్ఎస్‌టీఎం మోడల్‌కి ఇస్తా. సరిపోతుందా? వీడియోల సంఖ్య ఇంకా పెంచమని గైడ్ గారు అంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఇంటర్‌ప్రెటర్, విజయవాడ):
తమ్ముడూ, మా అమ్మానాన్నలిద్దరూ బధిరులు. నాకు మాటలకంటే ముందు సైగలే వచ్చాయి. ఇప్పుడు ఇలాంటి రికార్డింగులకు కూడా సాయం చేస్తుంటాను కాబట్టి గట్టిగానే చెబుతున్నా: కెమెరా ముందు మీ ఫ్రెండ్స్‌ని కాదు, రోజూ ఈ భాషలో బతికేవాళ్లని కూర్చోబెట్టండి.

వీడియో చూసి నేర్చుకున్నవాళ్లకి చేతి ఆకారం వస్తుంది, ముఖం మాత్రం ఖాళీగా ఉంటుంది. ‘జ్వరం ఉందా?’ అని అడిగినా ‘జ్వరం ఉంది’ అని చెప్పినా చేతులు ఒకేలా కదలొచ్చు. కనుబొమ్మలు పైకి లేస్తే అది ప్రశ్న. నొప్పి ఎంతో తెలిసేదీ ముఖంలోనే. మీడియాపైప్‌లోనే ముఖం, చేతులు, ఒళ్లు కలిపి చూసే ‘హోలిస్టిక్’ రెండు చేతులకు కలిపి 42 పాయింట్లు ఇస్తే, ముఖానికి 468 ఇస్తుంది. అన్నీ బరువనిపిస్తే కనుబొమ్మలు, పెదవులవైనా ఉంచండి.

తర్వాత, యాస. అమ్మది కాకినాడ వైపు, నాన్న చదివింది హైదరాబాద్‌లో. కొన్ని మాటలకు మా ఇంట్లో ఇప్పటికీ రెండేసి సైగలు నడుస్తాయి. నిఘంటువులో లేదని ఒకదాన్ని తప్పు కింద కొట్టేయకండి. ఓపీకి వచ్చే ముసలాయన నిఘంటువు చూసి రాడు కదా! అర్థం ఒకటే అని రాసుకుని, రెండు రూపాలకూ వేరే లేబుల్స్ పెట్టండి.

తెల్లగోడ ముందు నిలబడి విడివిడిగా చేసే సైగ వేరు, మాటల మధ్యలో దొర్లిపోయే సైగ వేరు. చంకలో బిడ్డ ఉన్న తల్లి రెండు చేతుల సైగని ఒంటిచేత్తోనే కానిచ్చేస్తుంది. అలాంటివీ తీయండి. వాక్యాలు కూడా తీసి, ఎక్కడ ఏ సైగ మొదలై ఎక్కడ ముగిసిందో ఈలాన్‌లో (ELAN) గుర్తు పెట్టండి. వీడియో మీద ఇలా గుర్తులు పెట్టడానికే ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఆ గుర్తులు పెట్టేవాళ్లలో ఒక్క బధిర వ్యక్తైనా ఉండాలి.

జవాబు (ఎంఎల్ ఇంజినీర్, హైదరాబాద్):
పైన అక్క చెప్పినదానికి నా వైపు నుంచి ఒక్క మాట. ఒకే మనిషి 50 సార్లు చేస్తే మోడల్ ఆ మనిషినే నేర్చుకుంటుంది. మనుషుల్ని పెంచి, ఒక్కొక్కరితో నాలుగైదు సార్లు చేయించండి చాలు. ట్రైనింగ్‌లో ఉన్న మనిషి టెస్టులో ఉండకూడదు. వీడియోలన్నీ కలిపేసి ట్రైనింగ్‌కి, టెస్టుకి విడదీస్తే వచ్చే యాక్యురసీ అంకె ఘనంగా కనిపిస్తుంది గానీ, కొత్త మనిషి రాగానే కూలిపోతుంది.

ఉన్న డేటా అంటే, 2020లో వచ్చిన ‘ఇన్‌క్లూడ్’ చూడండి. 263 పదాలు, 4,287 వీడియోలు, సైగలు చేసింది చెన్నైలో బధిర విద్యార్థులు. మీ ఓపీ మాటలన్నీ అందులో దొరకవు, కానీ దానిమీద ముందు శిక్షణ ఇచ్చి, తర్వాత మీ వీడియోలతో సర్దుకోవచ్చు.

జవాబు (బధిర పాఠకుడు, గుంటూరు):
పదాల జాబితా కూడా మమ్మల్ని అడిగి చేయండి. జ్వరం అని నేను ఎలాగోలా చెప్పేస్తాను. టోకెన్ నంబరు పిలిస్తే వినపడదు. మాత్ర తినకముందా, తిన్నాకా అని అడిగితే కౌంటర్లో వాళ్లకి అర్థం కాదు. నాకు కష్టం అక్కడ.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్. జాబితా మళ్లీ మొదటి నుంచి రాస్తాను. మరి అనుమతి పత్రం ఇంగ్లీషులో ఉంటే సరిపోతుందా?

జవాబు (ఇంటర్‌ప్రెటర్, విజయవాడ):
సరిపోదు. విషయమంతా సైగల్లో చెప్పించిన వీడియో చూపించి, వాళ్ల ఒప్పుకోలు కూడా సైగల్లోనే తీసుకోండి. ముఖం దాచేస్తే సగం భాష పోతుంది కాబట్టి, వీడియో ఎవరెవరు చూస్తారో ముందే చెప్పాలి. వీడియో బయట పెట్టొద్దన్నవాళ్లవైతే వీడియో కాకుండా కీపాయింట్లు మాత్రమే పెట్టండి, అదీ వాళ్లు సరేనంటేనే. తర్వాత మనసు మారితే తీసేయడానికి ఒక ఫోన్ నంబరు ఇవ్వండి, వాట్సాప్ వీడియో కాల్ ఉన్నది. రోజంతా పని మానుకుని వస్తారు, ఆ రోజు కూలీ, బస్సు ఛార్జీలు మీ ప్రాజెక్టు ఖర్చులో రాసుకోండి.