పిల్లలు నింపిన సర్వే కాగితాలను నమ్మి మండలానికి ప్రణాళిక వేయవచ్చా?

హంద్రీ ఒడ్డు (చర్చ మొదలుపెట్టింది నేనే)

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక మండల కేంద్రం. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. గత ఫిబ్రవరిలో మా యువజన సంఘమూ కొందరు ఉపాధ్యాయులూ కలిసి ఎనిమిది నుంచి పదో తరగతి వరకు పిల్లల చేత ఒక ప్రశ్నపత్రం నింపించాం. పేరు లేదు, రోల్ నంబరు లేదు. పొగాకు, మద్యం, గంజాయి, ఫోనులో పందేలు, ఇంటి వాతావరణం, సాయంత్రాలు ఎక్కడ గడుస్తాయి అన్నవి ప్రశ్నలు. పిల్లలు దురలవాట్లలో పడకుండా ఏదైనా చేయమని ఊళ్లో నలుగురు కొంత డబ్బు ఇచ్చారు. ఏం చేయాలన్న దగ్గర రెండుగా చీలిపోయాం.

పెద్దలు గంజాయి మీద ర్యాలీ తీయాలని, కూడళ్లలో కెమెరాలు పెట్టాలని పట్టుబడుతున్నారు. కాగితాల్లో గంజాయి ఉంది, కాదనను. కానీ ఎక్కడో కింద ఉంది. పైన కనిపిస్తున్నవి బడి పక్క బంకులో దొరికే పొగాకు పొట్లాలు, క్రికెట్ పందేలు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకో ప్రశ్న: "బడి వదిలాక చీకటి పడేదాకా నీ దగ్గర పెద్దవాళ్లు ఎవరుంటారు?" అంటే, "ఎవరూ ఉండరు" అన్న గడిలోనే టిక్కులు గుంపు కట్టాయి.

లెక్కలు ఇక్కడ పెట్టను, తగువే వాటి మీద కాబట్టి. డబ్బు కాగితాలు చూపిన చోట ఖర్చు పెట్టాలా, పెద్దలు చూపిన చోటా?

లెక్కల మాస్టారు

తమ్ముడూ, హోంవర్కు చేశావా అంటేనే నిజం చెప్పని పిల్లవాడు ఖైనీ వేస్తావా అంటే చెబుతాడా? ఇలాంటి సర్వే ఒకటి మా బడిలో జరిగితే నన్నే కాపలా పెట్టారు. చివరి బెంచీలో ఒకడు జామెట్రీ బాక్సు మూత తెరిచి కాగితానికి అడ్డం నిలబెట్టాడు. నేను పక్కకు వచ్చినప్పుడల్లా పెన్ను ఆగింది, దాటిపోగానే కదిలింది. కొందరు భయపడి దాస్తారు, కొందరు గొప్పకు లేనిది రాస్తారు. రెండు అబద్ధాలు కలిపి సగటు తీస్తే నిజం వస్తుందని నేనెప్పుడూ పాఠం చెప్పలేదు.

పత్తి మార్కెట్ వీధి

మాస్టారూ, ఆ పెన్ను ఆగింది మిమ్మల్ని చూసి. ఉపాధ్యాయుడు గది బయట ఉండాలని అందుకే అంటారు.

అబద్ధాల సంగతి సర్వేలు చేసేవాళ్లకు కొత్త కాదు. ఐరోపాలో 1995 నుంచి నాలుగేళ్లకోసారి 15, 16 ఏళ్ల విద్యార్థులను అడిగే సర్వే ఒకటుంది, ఎస్పాడ్ అంటారు. మత్తు పదార్థాల జాబితాలో వాళ్లు "రెలెవిన్" అని ఒకటి చేర్చారు. అలాంటి మందు లోకంలోనే లేదు. వాడానని ఎవరైనా టిక్కు పెడితే వాడి కోతలు అక్కడే దొరికిపోతాయి. ఒక చోట ఎన్నడూ తాగలేదని, మరో చోట నిన్న తాగానని రాసిన కాగితాలనూ ఏరేస్తారు.

భయంతో దాచేవాళ్లను ఇలా పట్టుకోలేం, ఒప్పుకుంటాను. కానీ దాచినవాళ్లున్నారంటే అసలు సంఖ్య కాగితంలో ఉన్నదానికంటే ఎక్కువేనని అర్థం. ఏమీ చేయకుండా ఊరుకోవడానికి అదొక సాకు ఎలా అవుతుంది?

హంద్రీ ఒడ్డు

మా దగ్గర ఉపాధ్యాయులు బయటే ఉన్నారు. కాగితం మడిచి, సీలు వేసిన అట్టపెట్టెలో పిల్లలే వేశారు. అయినా ఒకరు వెనకవైపు పెన్సిలుతో రాశారు: "సార్, ఇది మా నాయనకు చూపిస్తారా?" లేని మందు పేరు పెట్టాలన్నది మాకు తట్టలేదు. పొంతన లేని కాగితాలనూ ఏరలేదు. అది మా లోపమే.

ఇద్దరు ఆడపిల్లల నాన్న

మీరంతా నిజమా అబద్ధమా అని వాదిస్తున్నారు. నా భయం వేరు. ఫలానా బడిలో ఇంతమంది అని ఊళ్లో పొక్కిందనుకోండి. మగపిల్లలకు నాలుగు తిట్లు పడతాయి, అంతే. ఆడపిల్లలను బడి మాన్పిస్తారు, ఆ వెంటనే పెళ్లి సంబంధం చూస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. మీ సర్వే ఆ లెక్కను పెంచకుండా చూసుకోండి. ముందు ఆ కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయో చెప్పండి.

హంద్రీ ఒడ్డు

మా కోశాధికారి ఇంట్లో, తాళం వేసిన ట్రంకు పెట్టెలో ఉన్నాయన్నా. బడి వారీ లెక్క ఆ బడి హెడ్‌మాస్టరుకు తప్ప ఎవరికీ ఇవ్వం. సభలో మండలం మొత్తం లెక్కే చదువుతాం.

ఇద్దరు ఆడపిల్లల నాన్న

లెక్క తేలాక ఆ కాగితాలు కాల్చేయండి.

బంకు బాషా

బడికి కూతవేటు దూరంలో నాకొక బంకు ఉంది, దాచడం దేనికి. పొట్లాల దండలు మామిడాకుల తోరణంలా వేలాడతాయి, పక్కనే దారానికి కత్తెర. పిల్లవాడు పది రూపాయలు చేతిలో పెట్టి "మా నాయనకు" అంటాడు. సగం సార్లు నిజంగా నాయనకే. ఇవ్వకపోతే ఆ నాయనే వచ్చి గొడవ పెట్టుకుంటాడు. మీ కాగితంలో ఆ నాయనల గురించి ప్రశ్న ఉందా?

పత్తి మార్కెట్ వీధి

బాషా భాయ్, మంచి ప్రశ్న అడిగారు. కానీ చట్టం కూడా వినండి. 2003 పొగాకు చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు, వాళ్ల చేత అమ్మించకూడదు, విద్యాసంస్థకు వంద గజాల లోపు అసలే అమ్మకూడదు. దీనికి జరిమానా రెండు వందల రూపాయలు మించదు కాబట్టి ఎవరికీ లెక్కలేదు. 2015 బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ మాత్రం వేరు. పిల్లలకు మద్యమో పొగాకో చేతికిస్తే ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. బంకులు నడిపేవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసు?

బంకు బాషా

నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. ర్యాలీలు మాత్రం నా బంకు ముందు నుంచే పోతాయి.

కొండారెడ్డి బురుజు

నేను పెద్దల పక్షం. పిల్లలకు భయం ఉండాలి. పోలీసు యూనిఫాం వేసుకుని తరగతికి వచ్చి నాలుగు మాటలు చెబితే సరిపోతుంది. మత్తు పదార్థాల మీద ఫిర్యాదుకు 1972 ఫోన్ నంబరు ఉండనే ఉంది.

పత్తి మార్కెట్ వీధి

అమెరికాలో ఆ పనే చేశారు. 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన డేర్ కార్యక్రమంలో పోలీసులే తరగతులకు వెళ్లి పాఠం చెప్పేవారు. దేశమంతా పాకింది. తర్వాత వరసగా పరిశీలిస్తే, పిల్లల అలవాట్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అదే దేశంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు హాకిన్స్, కాటలానో మరో దారి పట్టారు. ముందు విద్యార్థుల సర్వే. అందులో పిల్లలను ముప్పు వైపు నెడుతున్నవేమిటో, కాపాడుతున్నవేమిటో చూసి, ఊరి పెద్దలు రెండు నుంచి ఐదు అంశాలే ఎంచుకుంటారు. వాటికి పనిచేస్తుందని పరీక్షించిన కార్యక్రమాన్నే పెడతారు. 2003లో ఏడు రాష్ట్రాల్లోని 24 పట్టణాలను తీసుకుని, చీటీలు వేసినట్టుగా సగం పట్టణాల్లో ఇది అమలు చేశారు, సగం వదిలేశారు. అమలైన చోట్ల ఎనిమిదో తరగతికి వచ్చేసరికి కొత్తగా తాగుడు, పొగ మొదలుపెట్టిన పిల్లలు తక్కువ.

ఐస్‌లాండ్ కథ చాలామందికి తెలుసు. నెలలో ఒక్కసారైనా మత్తెక్కేలా తాగిన 15, 16 ఏళ్ల పిల్లలు 1998లో 42 శాతం, 2016 నాటికి 5 శాతం. ఏ బడి లెక్క ఆ బడికి త్వరగా అందించారు. ఆటలకు, సంగీతానికి డబ్బిచ్చారు. చలికాలంలో 13–16 ఏళ్లవారు రాత్రి పది దాటాక బయట తిరగకూడదన్న నియమాన్ని తల్లిదండ్రులు గట్టిగా పట్టుకున్నారు.

లెక్కల మాస్టారు

ఐస్‌లాండ్ జనాభా మన కర్నూలు నగరమంత కూడా లేదు. అక్కడి తండ్రి సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. మన పడమటి మండలాల తండ్రి ఎక్కడుంటాడో ఎవరైనా చెప్పండి.

జొన్నరొట్టె

నేను చెబుతాను మాస్టారూ. గుంటూరు మిరప చేలల్లో ఉంటాడు.

నేను సీజనల్ హాస్టల్లో, అంటే వలస వెళ్లినవాళ్ల పిల్లలు ఉండే చోట, పని చేస్తాను. ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను, "ఫిబ్రవరి" దగ్గర ఎవరూ ఆగలేదే అని ఆశ్చర్యపోతున్నాను. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు ఫిబ్రవరిలో తరగతి గది ఎలా ఉంటుందో చూశారా? దీపావళి దాటాక ఒక్కొక్క కుటుంబం ఇంటికి తాళం వేసుకుని సుగ్గికి, అంటే వలస కూలికి పోతుంది. వెళ్లే ముందు రాత్రి సంచుల్లో జొన్నలు, గిన్నెలు సర్దుతారు. పిల్లవాడిని హాస్టల్లో వదలాలా, మిరపకాయ కోతకు తీసుకుపోవాలా అన్నది అప్పుడు తేలుతుంది. పెద్దపిల్లలు కోతకే పోతారు, వాళ్లకూ కూలి వస్తుంది కాబట్టి. అలసట తెలియకుండా నోట్లో పొట్లం వేసుకోవడం నేర్చుకునేది అక్కడే. ఉగాది అటూ ఇటూగా తిరిగి వస్తారు.

మీరు కాగితాలు పంచిన రోజు వాళ్ల బెంచీలు ఖాళీ. సర్వేలో గంజాయి తక్కువ, పొట్లాలు ఎక్కువ అంటున్నారే, అది వెళ్లకుండా మిగిలిన పిల్లల లెక్క. "ఎవరూ ఉండరు" అన్న గడిలో టిక్కు పెట్టినవాళ్లలో సగం మంది అవ్వాతాతల దగ్గర మిగిలినవాళ్లేమో కూడా చూడండి. ఇక పదో తరగతికి ముందే బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరినవాడికి ఏ కాగితమూ అందదు.

సర్వే వద్దనడం లేదు. హాజరు పట్టీ పక్కన పెట్టుకుని ఆ రోజు ఎంతమంది లేరో మొదటి పేజీలోనే రాయండి అంటున్నాను.

లెక్కల మాస్టారు

అమ్మా, నేను అడగాల్సిన ప్రశ్న మీరు అడిగారు. హాజరు చూడకుండా శాతాలు తీయడం పదో తరగతి పిల్లలు కూడా చేయని తప్పు.

కొండారెడ్డి బురుజు

అయితే కెమెరాలే పెట్టేయండి, లెక్కతో పని లేదు.

హంద్రీ ఒడ్డు

రెండు రోజులుగా జవాబు రాయలేదు, క్షమించండి. హాజరు పట్టీలు తెచ్చి చూశాం. జొన్నరొట్టె గారు చెప్పింది మేం తట్టుకోలేనంత నిజం.

నిన్న రాత్రి కమిటీలో తేలింది ఇది. ఫిబ్రవరి లెక్కను సభలో చదవం. బడులు తెరిచాక, జూలైలో, సుగ్గి నుంచి వచ్చిన పిల్లలు బెంచీల్లో ఉండగా మళ్లీ చేస్తాం. షెడ్డుల్లో పనిచేసే పిల్లల దగ్గరకు వేరుగా వెళ్తాం. "పొట్లం కోసం ఇంట్లోవాళ్లు నిన్ను బంకుకు పంపుతారా?" అన్న బాషా గారి ప్రశ్న చేరుతుంది. కాగితం చివర పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరు అచ్చవుతుంది, ఎందుకంటే ఎవరైనా తన కష్టం రాసినా అది ఎవరిదో మాకు తెలియదు.

కెమెరాల మీద ఇంకా ఒప్పందం కుదరలేదు. కొంత డబ్బు మాత్రం ఇప్పుడే తీసి బడి మైదానంలో రెండు దీపాలు వేయిస్తున్నాం. రాత్రి ఎనిమిది దాకా ఎవరో ఒక పెద్ద అక్కడ ఉంటారు. దీనికి ఏ శాతమూ అక్కరలేదని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. బంకులకు 77వ సెక్షన్ ఒక కాగితం మీద అచ్చు వేసి ఇస్తాం.

ఇక మిగిలింది లేని మందుకు ఒక పేరు. నమ్మేలా ఉండాలి, ఎక్కడా దొరకకూడదు. ఎవరైనా చెబుతారా?

బంకు బాషా

నాకు నాలుగు కాగితాలు ఇవ్వండి, పక్క వీధి బంకులకు నేనే ఇస్తాను.

లెక్కల మాస్టారు

పేరు నా దగ్గర ఒకటి ఉంది తమ్ముడూ. ఇక్కడ రాయను, ఎవరూ రాయకండి. మా పదో తరగతి వాళ్లు కూడా ఈ వేదిక చదువుతారు. ఆదివారం ఇంటికి రా, చెబుతాను.