డ్రమ్ లెవల్ హంట్ అవుతోంది: ముందు ట్యూనింగ్ ముట్టుకోవాలా, వాల్వ్ చూడాలా?

షిఫ్ట్_కోజెన్

అందరికీ నమస్కారం. మాది చక్కెర ఫ్యాక్టరీ కోజెన్, అంటే చెరకు పిప్పి (బ్యాగాస్) కాల్చి ఆవిరి, కరెంటు తీసే ప్లాంట్. గంటకి 45 టన్నుల ఆవిరి ఇచ్చే బ్యాగాస్ బాయిలర్, చదరపు సెంటీమీటర్‌కి 66 కేజీల ప్రెషర్. క్రషింగ్ మొదలై మూడు వారాలైంది. డ్రమ్ లెవల్ (బాయిలర్ పైన నీళ్లూ ఆవిరీ ఉండే డ్రమ్‌లో నీటి మట్టం) సెట్ పాయింట్, అంటే ఉండాల్సిన చోటు, 50 శాతం. కానీ లెవల్ 42కీ 58కీ మధ్య ఊగుతూ తిరుగుతూనే ఉంది, అదే హంట్ అవడమంటే. ఒక్కో ఊపుకి తొమ్మిది నిమిషాలు పట్టేది. త్రీ ఎలిమెంట్ కంట్రోలే పెట్టాం: లెవల్ కంట్రోలర్, దాని కింద ఫీడ్ వాటర్ ఫ్లో కంట్రోలర్, స్టీమ్ ఫ్లో ఫీడ్ ఫార్వర్డ్‌గా (ఆవిరి వాడకం మారగానే ముందే చెప్పేలా) వస్తుంది.

మొన్న నైట్ షిఫ్ట్‌లో లెవల్ గెయిన్‌ని (తేడాకి కంట్రోలర్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే నంబర్) 2 నుంచి 1.2కి దించారు. ఇంటిగ్రల్ టైమ్ (తేడా ఉన్నంతసేపూ ఔట్‌పుట్‌ని ఎంత వేగంగా తోస్తూ పోవాలో చెప్పేది, తక్కువైతే వేగం ఎక్కువ) 60 సెకన్లు, దాన్ని కదపలేదు. ఊపు తగ్గలేదు సరికదా, పదకొండు నిమిషాలకు సాగింది.

మా ఇన్‌స్ట్రుమెంట్ ఫోర్‌మన్ ఫీడ్ వాటర్ వాల్వ్ పట్టేస్తోందంటారు. వాల్వ్ విప్పాలంటే మిల్లు ఆగాలి, జనరల్ క్లీనింగ్‌కి ఇంకా నాలుగు రోజులుంది. ప్రొడక్షన్ వాళ్లు ఈ ట్యూనింగ్ నంబర్లు మార్చి ఎలాగో సర్దమంటున్నారు. నాకైతే రాత్రి షిఫ్ట్ అంటేనే టెన్షన్‌గా ఉంది. ముందు దేని మీద చెయ్యి వెయ్యాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత_ఇన్‌స్ట్రుమెంట్

తమ్ముడూ, ట్యూనింగ్ జోలికి పోకు. ముందు వాల్వ్ దగ్గరికి వెళ్లు.

ఇరవై ఎనిమిదేళ్లు ఫీల్డ్‌లో ఉన్నాను. హంట్ అవుతోందని నన్ను పిలిచిన లూపుల్లో ఎక్కువ శాతం వాల్వ్ దగ్గరే తేలాయి. ఒక్కటి చెప్తాను. ఇలాంటి ఫీడ్ వాటర్ వాల్వే. కంట్రోల్ రూమ్ నుంచి ఔట్‌పుట్ అర శాతం చొప్పున పెంచమని వాకీలో చెప్పి, నేను వాల్వ్ పక్కన నిలబడ్డాను. స్టెమ్ (వాల్వ్ కాడ) మీద మార్కర్‌తో గీత పెట్టుకున్నాను. 48, 48.5, 49... పొజిషనర్ (గాలి ప్రెషర్‌తో వాల్వ్‌ని కదిపే పరికరం) ఔట్‌పుట్ గేజ్ ముల్లు పైకి పోతోంది. 1.1 కేజీ, 1.2, 1.3. గీత మాత్రం కదల్లేదు. 51 దగ్గర టక్‌మని ఒక్కసారిగా దూకింది, ఆగాల్సిన చోటు దాటి మరీ ఆగింది. ఆ శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది. గ్లాండ్ (స్టెమ్ చుట్టూ లీకు ఆపే చోటు) దగ్గర నీళ్లు కారుతున్నాయని ఎవరో నట్లు బిగించేశారు. లోపల గ్రాఫైట్ ప్యాకింగ్. స్టెమ్‌ని ఉడుంపట్టు పట్టేసింది.

అలాంటి వాల్వ్‌తో ఏ కంట్రోలరూ కుదురుగా కూర్చోదు. ఎర్రర్ ఉన్నంతసేపూ ఇంటిగ్రల్ ఔట్‌పుట్‌ని తోస్తూ పోతుంది, వాల్వ్ కదలదు. కదిలిందంటే ఎక్కువ కదులుతుంది. మళ్లీ వెనక్కి తోయాలి. ఇది ఆగే ఆట కాదు. గెయిన్ తగ్గిస్తే ఊపు నెమ్మదిస్తుందే తప్ప పోదు. నీకు జరిగింది సరిగ్గా అదే కదా? తొమ్మిది నిమిషాలు పదకొండు అయ్యాయి.

డీసీఎస్_హైదరాబాద్

అంకుల్, మీ అనుభవం మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఈ కేసులో అంత తొందరగా వాల్వ్ మీద తీర్పు ఇవ్వలేం. గెయిన్ తగ్గిస్తే ఊపు సాగడానికి ఇంకో కారణం ఉంది, అది వాల్వ్ కొత్తదైనా జరుగుతుంది.

లెవల్ లూప్ ఫ్లో లూప్ లాంటిది కాదు. నీళ్లు వచ్చేది పోయేదానికంటే కొంచెం ఎక్కువైతే లెవల్ ఒక చోట ఆగదు, పెరుగుతూనే పోతుంది. అంటే ప్రాసెస్సే ఒక ఇంటిగ్రేటర్. దాని మీద కంట్రోలర్ ఇంటిగ్రల్ కూడా గట్టిగా పనిచేస్తే రెండూ కలిసి ఊగుతాయి. ఇక్కడ ఊపుని అణిచేది గెయినే. గెయిన్ తగ్గించి ఇంటిగ్రల్ టైమ్‌ని అలాగే వదిలేస్తే ఊపు ఇంకా ముదురుతుంది. లెవల్‌లో గెయిన్ సగం చేస్తే ఇంటిగ్రల్ టైమ్ రెట్టింపు చెయ్యాలి, రెండిటి లబ్ధం పడిపోకూడదు. నైట్ షిఫ్ట్ వాళ్లు ఫ్లో లూప్ అలవాటుతో లెవల్ మీద చెయ్యి వేశారు.

షిఫ్ట్ గారూ, ఒక లెక్క చేసి చూడండి. ట్రెండ్‌లో ఫీడ్ ఫ్లో స్టీమ్ ఫ్లో కంటే 10 శాతం ఎక్కువ ఉన్న చోటు పట్టుకుని, అప్పుడు లెవల్ నిమిషానికి ఎంత పెరిగిందో చూడండి.

షిఫ్ట్_కోజెన్

చూశానండి. స్టీమ్ ప్రెషర్ నిలకడగా ఉన్న మూడు చోట్ల కొలిచాను. నిమిషానికి దాదాపు 3 శాతం పెరుగుతోంది.

డీసీఎస్_హైదరాబాద్

సరే. 10 శాతం తేడాకి 3 అయితే, 100 శాతం తేడాకి నిమిషానికి 30. అంటే ట్రాన్స్‌మిటర్ (లెవల్ కొలిచి పంపే పరికరం) రేంజ్ సున్నా నుంచి వందకి నిండడానికి సుమారు 3.3 నిమిషాలు. ఊపు రాకుండా ఉండాలంటే ఇంటిగ్రల్ టైమ్ ఆ నిండే సమయానికి నాలుగు రెట్లు వేసి, గెయిన్‌తో భాగిస్తే వచ్చేదానికి తగ్గకూడదు. గెయిన్ 2 అనుకుంటే 6.6 నిమిషాలు, అంటే దగ్గర దగ్గర 400 సెకన్లు. మీరు పెట్టింది 60. ఆరు రెట్ల కంటే ఎక్కువ తేడా! 60 సెకన్లకి ఊపు ఎంతలో రావాలో కూడా లెక్క కట్టాను. గెయిన్ 2కి తొమ్మిది నిమిషాల లోపు, 1.2కి పదకొండు. మీ ట్రెండ్‌తో అచ్చంగా సరిపోయింది. వాల్వ్‌ని అనుమానించే ముందు ఈ ఒక్క నంబర్ సరిచేసి చూడండి.

బాయిలర్_ఆపరేటర్

సార్లూ, మీరిద్దరూ పెద్ద మాటలు మాట్లాడుతున్నారు. రాత్రి రెండింటికి ఆ స్క్రీన్ ముందు కూర్చునేది మాలాంటి వాళ్లం. నా మాట కూడా వినండి.

ముందు ఆ 50 శాతం నిజంగా 50యేనా? ట్రాన్స్‌మిటర్ రీడింగ్‌ని గేజ్ గ్లాస్‌తో (డ్రమ్‌కి కలిపి ఉండే, నీళ్లు కంటికి కనబడే గాజు) పోల్చారా? గ్లాస్‌లో నీళ్లు చల్లబడి బరువెక్కుతాయి కాబట్టి డ్రమ్‌లో ఉన్నదానికంటే కొంచెం తక్కువ చూపిస్తుంది, అది అందరికీ తెలిసిందే. కానీ రెండూ ఒకే దిక్కుకి పోవాలి కదా. 2005 మార్చి 23న అమెరికాలో టెక్సాస్ సిటీ రిఫైనరీ ప్రమాదంలో 15 మంది పోయారు. టవర్ నిండిపోతుంటే లెవల్ ట్రాన్స్‌మిటర్ తగ్గుతున్నట్టు చూపించింది. అప్పటి నుంచి మా షిఫ్ట్‌లో ఏ టెస్ట్ చేసినా ముందు ఒక మనిషిని గ్లాస్ దగ్గర నిలబెడతాం.

రెండోది, బ్యాగాస్. తడి సుమారు 50 శాతం ఉంటుంది, అదీ ఒక గంట ఉన్నట్టు ఇంకో గంట ఉండదు. తడి మేత వచ్చిందంటే ప్రెషర్ పడుతుంది. ప్రెషర్ పడితే డ్రమ్‌లో బుడగలు ఉబ్బి, నీళ్లు తగ్గుతున్నా లెవల్ పైకి కనబడుతుంది. ఆ టైమ్‌లో ఎవరైనా టెస్ట్ పెడితే ట్రెండ్ చూసి తప్పు అర్థం చేసుకుంటారు. మేత నిలకడగా ఉన్నప్పుడే చెయ్యండి. లో లెవల్ ట్రిప్‌ని (నీళ్లు మరీ తగ్గితే బాయిలర్‌ని ఆపేసే రక్షణ) బైపాస్ చెయ్యమని ఎవరు చెప్పినా, ఎంత పెద్దాయన చెప్పినా, చెయ్యకండి.

జుబైల్_తెలుగు

ఇక్కడ సౌదీ జుబైల్‌లో, పెట్రోకెమికల్‌లో లూప్ ట్యూనింగే నా ఉద్యోగం. ఇద్దరూ సగం సగం కరెక్ట్ అనిపిస్తోంది, కానీ ఎవరిది ఎంతో కూర్చుని వాదించక్కర్లేదు. ఇరవై నిమిషాల టెస్ట్‌తో తేలిపోతుంది.

లెవల్ కంట్రోలర్‌ని మాన్యువల్‌లో పెట్టండి. ఫీడ్ ఫార్వర్డ్ దాని ఔట్‌పుట్ తర్వాత కలుస్తుంటే అది కూడా ఆపాలి, లేకపోతే సెట్ పాయింట్ కదులుతూనే ఉంటుంది. అప్పుడు ఫ్లో కంట్రోలర్ ఆటోలో, కదలని సెట్ పాయింట్‌తో ఉంటుంది. స్టీమ్ లోడ్‌కి సమానంగా సెట్ పాయింట్ ఇవ్వండి. లెవల్ 40 కానీ 60 కానీ దాటబోతే టెస్ట్ ఆపి వెంటనే పాత పద్ధతికి రండి. సెట్ పాయింట్ కదలకుండా ఉన్నా ఫ్లో ఊగుతోందంటే తప్పు ఫ్లో లూప్‌లోనో వాల్వ్‌లోనో ఉంది. ఫ్లో గీత గీసినట్టు నిలబడి, లెవల్ ఆటోలోకి రాగానే ఊపు తిరిగొస్తే తప్పు లెవల్ ట్యూనింగ్‌ది.

ఫ్లో ఊగితే ఆకారం చూడండి. ఔట్‌పుట్ రంపం పళ్లలా, ఫ్లో మెట్లలా వస్తే వాల్వ్ పట్టేస్తున్నట్టే. రెండూ నున్నగా అలల్లా ఉంటే ఫ్లో ట్యూనింగ్ మరీ దూకుడుగా ఉంది.

ఇంకోటి. 60 అన్నది నిజంగా సెకన్లేనా? కొన్ని సిస్టమ్స్‌లో నిమిషాలు, కొన్నిటిలో సెకన్లు, పాతవాటిలో నిమిషానికి ఎన్ని రిపీట్లు అని తిరగేసి ఉంటుంది. గెయిన్ బదులు ప్రొపోర్షనల్ బ్యాండ్ (వందని గెయిన్‌తో భాగిస్తే వచ్చేది) ఉంటే 50 శాతం అంటే గెయిన్ 2. పాత ప్యానెల్ కంట్రోలర్ తీసి డీసీఎస్‌కి (కంప్యూటర్ కంట్రోల్ సిస్టమ్‌కి) మారేటప్పుడు బ్యాండ్‌ని తీసుకెళ్లి గెయిన్ గడిలో వేసిన ప్లాంట్‌ని నా కళ్లతో చూశాను.

పుస్తకం తెరిచి జీగ్లర్, నికల్స్ 1942లో చెప్పిన పద్ధతి మాత్రం డ్రమ్ మీద వెయ్యకండి. లూప్ ఆగకుండా ఊగేదాకా గెయిన్ పెంచమంటుంది అది. బాయిలర్ డ్రమ్‌తో ఆడే ఆట కాదు.

పాత_ఇన్‌స్ట్రుమెంట్

ఈ టెస్ట్‌కి నేను ఒప్పుకుంటాను. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూడమన్నట్టు ఉంది. కానీ తమ్ముడూ, గ్లాండ్ నట్లు లైన్‌లో ఉండగా వదులు చెయ్యమని ఎవరన్నా చెప్తే వినకు. వెనకాల బాయిలర్ ప్రెషర్‌ని మించిన వేడి నీళ్లున్నాయి.

షిఫ్ట్_కోజెన్

నిన్న మధ్యాహ్నం చేశాం. గ్లాస్ దగ్గర ఒకరు, వాల్వ్ దగ్గర ఫోర్‌మన్, ప్యానెల్ మీద నేను. ఇంటిగ్రల్ యూనిట్ సెకన్లే, మాన్యువల్ పుస్తకం చూసి ఖాయం చేసుకున్నాను.

లెవల్ మాన్యువల్‌లో, ఫీడ్ ఫార్వర్డ్ తీసేసి, ఫ్లోకి స్థిరంగా 41 టన్నులు ఇచ్చాం. ఫ్లో నిలబడలేదు. 39కీ 43కీ మధ్య నలభై సెకన్లకోసారి మెట్లు మెట్లుగా తిరిగింది. ఔట్‌పుట్ రంపమే. ఫోర్‌మన్ ముఖం వెలిగిపోయింది.

కానీ నలభై సెకన్ల ఊపు పదకొండు నిమిషాల ఊపు కాదు కదా. అందుకని సాయంత్రం గెయిన్ 2కి తెచ్చి, ఇంటిగ్రల్‌ని ఒకేసారి కాకుండా 60 నుంచి 150, 250, 400 అంటూ గంటకో మెట్టు పెంచాం. రాత్రంతా లెవల్ 47కీ 53కీ మధ్య ఉంది. వాల్వ్‌ని ఇంకా ముట్టుకోలేదు.

డీసీఎస్_హైదరాబాద్

పదహారు శాతం ఊపు ఆరుకి దిగింది, అదీ వాల్వ్ విప్పకుండా. నేను అడిగేది ఒక్కటే: నాలుగు రోజులు ఆగి వాల్వ్ చూద్దాం అనుకుని ఉంటే ఆ నాలుగు రాత్రులూ డ్రమ్ ట్రిప్ అంచున నడిచేది. నడుస్తున్న ప్లాంట్‌లో చేతికి అందేది ముందు సరిచెయ్యడం తప్పెలా అవుతుంది?

పాత_ఇన్‌స్ట్రుమెంట్

తప్పని నేను అనలేదమ్మా. ఆ 60 సెకన్ల సంగతి నువ్వు పట్టుకున్నావు, నేను పట్టుకోలేదు. ఒప్పుకుంటున్నాను.

నా భయం వేరే. 47 నుంచి 53 అంటే అందరికీ ముద్దుగా కనబడుతుంది. ప్రొడక్షన్ వాళ్లు సంతోషిస్తారు. క్లీనింగ్ రోజు చేయాల్సిన పనుల లిస్టులోంచి వాల్వ్ మెల్లగా జారిపోతుంది. కింద ఆ స్టెమ్ నలభై సెకన్లకోసారి టక్‌మంటూనే ఉంటుంది. అంటే రోజుకి రెండు వేల సార్ల పైన. ప్యాకింగ్ అరుగుతుంది, ప్లగ్ అరుగుతుంది, పొజిషనర్ ఫీడ్‌బ్యాక్ ఆర్మ్ వదులవుతుంది. ఫిబ్రవరిలో ఫుల్ లోడ్ మీద ఒకరోజు ఒక్కచోట ఇరుక్కుపోతుంది. అప్పుడు ఏ నంబర్ మారుస్తావు? ట్యూనింగ్‌తో రోగం దాగిన ప్లాంట్లు చాలా చూశాను నేను.

బాయిలర్_ఆపరేటర్

ఆయన మాట నిజం. మా దగ్గర ఒక డీయరేటర్ (ఫీడ్ వాటర్‌లోంచి గాలి తీసేసే ట్యాంకు) లెవల్ లూప్ రెండు సీజన్లు మాన్యువల్‌లోనే ఉంది. ఎవరు ఎందుకు పెట్టారో ఇప్పుడున్న వాళ్లెవరికీ తెలియదు.

జుబైల్_తెలుగు

అందుకే నంబర్ మార్చిన ప్రతిసారీ పాతది, కొత్తది, ఎందుకు మార్చారు, ఎవరు మార్చారు అని రిజిస్టర్‌లో రాయాలి. పక్కనే "వాల్వ్ పెండింగ్" అని కూడా రాయండి షిఫ్ట్ గారూ, ఎర్ర పెన్నుతో. నా మట్టుకు నేను వాల్వ్ ముందే అంటాను, కానీ ప్లాంట్ ఆపలేనప్పుడు డీసీఎస్ గారు చేసిన పనే నేనూ చేస్తాను.

షిఫ్ట్_కోజెన్

నిన్న క్లీనింగ్ అయింది. ముందు రోజే వాల్వ్‌ని లిస్టులో పైన రాయించాను, అయినా మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. నేనే వెళ్లి పిలుచుకొచ్చాను.

లైన్ ఐసొలేట్ చేసి, ప్రెషర్ వదిలి, చల్లారాక విప్పారు. గ్రాఫైట్ రింగులు గట్టిపడి స్టెమ్‌కి నల్లగా అతుక్కుపోయి ఉన్నాయి. స్టెమ్ మీద గోటికి తగిలేంత గాడి ఒకటి. స్పేర్ స్టెమ్, ప్లగ్ స్టోర్స్‌లో దొరికాయి. పొజిషనర్ ఫీడ్‌బ్యాక్ లింక్ పిన్ అరిగి ఆడుతోంది, అదీ మార్చారు. ఎయిర్ ఫిల్టర్ రెగ్యులేటర్ డ్రెయిన్ తెరిస్తే అర గ్లాసు నీళ్లు వచ్చాయి, అది వేరే కథ, డ్రయ్యర్ చూడాలి. మిల్లు ఎక్కించే ముందు అర శాతం మెట్లతో పైకీ కిందకీ కదిపాం. ముందు 3 శాతం ఇచ్చినా కదలని స్టెమ్ ఇప్పుడు ఒక శాతం లోపే కదులుతోంది.

రాత్రి ఫుల్ లోడ్ మీద లెవల్ 48.5 నుంచి 51.5. ఫ్లో గీత గీసినట్టుంది. ఇంటిగ్రల్ 400 అలాగే ఉంచాను.

పాత_ఇన్‌స్ట్రుమెంట్

గ్లాండ్ నట్లు ఎంత బిగించారో కొలిచి రాసుకున్నావా? లేకపోతే మళ్లీ చుక్క కారినప్పుడు ఎవడో ఒకడు పైప్ రెంచ్ వేసి బిగిస్తాడు.

షిఫ్ట్_కోజెన్

రాయలేదండి. ఇవాళే ఫోర్‌మన్‌ని అడిగి, వాల్వ్‌కే ట్యాగ్ కట్టిస్తాను.