సౌరజ్వాలలో జ్వాల లేదు: ‘పురి’ అనే మాట గురించి

సూర్యుణ్ని గమనించే మన ఆదిత్య-ఎల్1 నౌక వార్త చదువుతూ, సోలార్ ఫ్లేర్‌ను, అంటే సూర్యుడి మీద ఉన్నట్టుండి శక్తి పేలినట్టు బయటపడడాన్ని, ‘సౌరజ్వాల’ అనొచ్చా అని నిన్న ఇక్కడ ఒక తమ్ముడు అడిగాడు. పత్రికల్లో ఆ మాటే నడుస్తోంది, తప్పనను. కానీ జ్వాల అనగానే ఏదో మండుతోందనిపిస్తుంది. అక్కడ మంట లేదు. జరిగేది సరిగ్గా చెప్పే మాట మా శ్రీకాకుళం వైపు తాడు పేనేవాళ్ల నోట ఉంది: పురి.

చిన్నప్పుడు తాత అరుగు మీద గోగునార తాడు పేనేవాడు. ఒక కొస నేను పట్టుకునేవాణ్ని. పురి ఎక్కేకొద్దీ తాడు బిగుసుకుని, నా గుప్పిట్లోనే తిరిగిపోవాలని చూసేది. “వదలకురా” అనేవాడు తాత. కాస్త వదులిచ్చానో, నడుమ మెలికపడి ఉంగరంలా చుట్టుకుపోయేది. ఎక్కించిన పురి ఎక్కడికీ పోదు, తాడులోనే ఉంటుంది.

సూర్యుడు గట్టి బంతి కాదు. నడుమ భాగం సుమారు 25 రోజులకు ఒక చుట్టు తిరిగితే, ధ్రువాల దగ్గర 35 రోజుల దాకా పడుతుంది. అక్కడున్నది ప్లాస్మా, అంటే విద్యుదావేశం ఉన్న వేడి వాయువు. అది ఎటు కదిలితే అయస్కాంత రేఖలూ అటే పోయి చుట్టుకుంటాయి. సూర్యమచ్చల దగ్గర వాటి మొదళ్లు జరుగుతూ, తిరుగుతూ ఉంటే, పైకి కమానులా లేచిన రేఖలకు రోజుల తరబడి పురి ఎక్కుతుంది. వాటి మీదుగా పోయే ఇంకొన్ని రేఖలు నా గుప్పిటిలాగే అణిచిపెడతాయి. ఆ పట్టు సడలిందా, కూడిన శక్తి నిమిషాల్లో బయటపడుతుంది. అదే ఫ్లేర్. వెలుగు 8 నిమిషాల్లో మనల్ని చేరుతుంది. ఒక్కోసారి దాంతోపాటు విసిరే ప్లాస్మా మనవైపు వస్తే మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు; 1859 సెప్టెంబరు నాటి పెద్ద సౌర తుఫానులో మాత్రం 18 గంటల్లోపే వచ్చేసింది.

ఒక తేడా ఉంది. తాడు తెగితే కొసలు విడిగా పడిపోతాయి. అక్కడ ఎదురెదురు దిశల రేఖలు తెగి, కొసలు మార్చుకుని మళ్లీ అతుక్కుంటాయి. ‘పునఃసంధానం’ అంటున్నది దీన్నే. ‘కొసమార్పు’ అంటే పిల్లలకు కూడా అర్థమవుతుంది కదా.

పొందూరు అక్క ఒకరు కింద రాశారు: “నూలుకూ పురే అంటాం తమ్ముడూ. తక్కువైతే పోగు తెగుతుంది, ఎక్కువైతే మెలికలు పడుతుంది.”

అవునక్కా, అదే మాట. ఫ్లేర్‌ను ‘పురివిడుపు’ అందామని నా కోరిక. నెమలి విప్పే పురి వేరు, దానితో కలపొద్దు. విజయనగరం వాళ్లు చెప్పండి, పురి ఎక్కువై తాడు చుట్టుకుపోతే మీ వైపు ఏమంటారు?